నెలకు పదివేలు మిగిలితే: చిట్టీయా, ఆర్డీయా, నగల స్కీమా, సిప్పా?

ఉద్యోగంలో చేరి ఏడాది దాటాక జీతం ఒక దారిన పడుతుంది. గది అద్దె, మెస్ బిల్లు, ఇంటికి పంపేది పోను నెలకు ఓ పదివేలు చేతిలో మిగలడం మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే సలహాలూ మొదలవుతాయి. అమ్మ చిట్టీ వేయమంటుంది. బాబాయి తనకు తెలిసిన బీమా ఏజెంటును పంపిస్తాడు. ఆఫీసులో పక్క సీటు అతను సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్లో కొంత వేసే పద్ధతి) అంటాడు. పెళ్లి మాట నడుస్తున్న ఇంట్లో అయితే నగల షాపు స్కీమ్ కార్డు అప్పటికే తెచ్చి ఉంటారు.

వీళ్లందరూ మీ మంచి కోరేవాళ్లే. అయితే అందరూ చెప్పేది ఒక్కటే, 'ఎంత వస్తుంది' అని. నా దృష్టిలో దానికంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. ఈ డబ్బు మీకు ఎప్పుడు కావాలి? మధ్యలో ఒక నెల కట్టలేకపోతే ఏమవుతుంది? రెండు మూడేళ్ల పొదుపులో అర శాతం వడ్డీ తేడా వల్ల ఒరిగేది చాలా తక్కువ. కట్టలేని నెల వచ్చినప్పుడు ఎవరి దగ్గర ఏ షరతుల మీద ఇరుక్కున్నామన్నది మాత్రం చాలా పెద్ద విషయం. ప్రాజెక్టు అయిపోయి బెంచ్ మీద కూర్చోబెట్టినా, నాన్నకు ఆపరేషన్ పడినా, కంపెనీ మారేటప్పుడు జీతం నెల రోజులు ఆలస్యమైనా ఆ నెల వచ్చినట్టే. పాతికేళ్ల వయసులో ఇవన్నీ మామూలుగా జరిగేవే.

పోలికలోకి వెళ్లే ముందు ఒక మాట. క్రెడిట్ కార్డు మీద పాత బాకీ నెలనెలా మోస్తుంటే దాని వడ్డీ ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా ఉంటుంది. అంత రాబడి ఇచ్చే పొదుపు పథకం ఎక్కడా లేదు కాబట్టి ముందు ఆ బాకీ తీర్చేయండి. తర్వాత మూడు నెలల ఖర్చు పక్కన పెట్టండి. పెద్ద బ్యాంకుల్లో సేవింగ్స్ ఖాతా వడ్డీ 2.5 శాతానికి పడిపోయింది కనుక ఆ డబ్బును అదే బ్యాంకులో ఎఫ్‌డీగానో, ఆటో స్వీప్‌లోనో (ఖాతాలో మిగులు తానే ఎఫ్‌డీగా మారే సౌకర్యం) ఉంచితే సరిపోతుంది. ఈ రెండూ అయ్యాక మిగిలే పదివేల గురించే ఈ చర్చంతా.

చిట్టీ లెక్క

మన దగ్గర చిట్టీ అంటే ఒట్టి పొదుపు కాదు. పిల్లల కాలేజీ ఫీజులు, ఇంటి స్లాబులు, దుకాణంలో సరుకు ఇలా ఎన్నో దాని మీదే నడిచాయి. అందుకే దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకుండా కాగితం పెన్నూ తీసుకుని లెక్క వేద్దాం.

50 మంది, 50 నెలలు, నెలకు 10,000. మొత్తం 5 లక్షల చిట్టీ. ప్రతి నెలా పోగైన మొత్తాన్ని ఒకరు తీసుకుంటారు, అదే ఎత్తడం. ఎవరు అందులోంచి ఎక్కువ వదులుకుంటామంటే వాళ్లకే దక్కుతుంది, అదే పాట. అలా వదులుకున్న దాంట్లో కమిషన్ పోను మిగిలింది అందరికీ పంచుతారు, అదే డివిడెండ్. కంపెనీ కమిషన్ 5 శాతం అనుకుందాం. 2019లో చట్టాన్ని సవరించాక 7 శాతం దాకా తీసుకోవచ్చు. మొదటి నెలల్లో డబ్బు అవసరం ఉన్నవాళ్లు ఎక్కువ కాబట్టి పాట పైదాకా వెళ్తుంది. ఐదు నిమిషాల్లో పాట ముగుస్తుంది. నలుగురైదుగురు గరిష్ఠం దగ్గరే ఆగిపోతే వాళ్ల పేర్లు వేసి డ్రా తీస్తారు. ఒకరు 30 శాతానికి పాడుకున్నారంటే 1,50,000 వదులుకున్నట్టు. అందులో 25,000 కంపెనీ కమిషన్‌కు పోతుంది. మిగిలిన 1,25,000 యాభై మందికి పంచితే తలా 2,500. కాబట్టి ఆ నెల మీరు కట్టేది 7,500.

చాలామంది ఇక్కడే పొరపడతారు. పదివేలకు 2,500 వచ్చింది కాబట్టి పాతిక శాతం లాభం అనుకుంటారు. అది లాభం కాదు, ఆ నెల మీరు తక్కువ కట్టారంతే. అసలు లెక్క 50 నెలలూ అయ్యాక తేలుతుంది.

మొదటి 20 నెలలు 30 శాతం పాటే సాగి, తర్వాత నెలనెలా తగ్గుతూ చివరి నెలకు కమిషన్ మాత్రమే మిగిలేదాకా వచ్చిందనుకోండి. మీరు ఎత్తకుండా చివరిదాకా ఉన్నారు. మొత్తం కట్టింది 4,13,750. చేతికి వచ్చేది 5 లక్షల్లోంచి కమిషన్ 25,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 4,500 పోను 4,70,500. మిగులు 56,750. నెలనెలా కట్టిన డబ్బు ఎన్నాళ్లు వాళ్ల దగ్గర ఉందో చూసి వడ్డీ కడితే ఏడాదికి ఆరున్నర, ఏడు శాతం మధ్య తేలుతుంది. అంటే దాదాపు ఆర్డీ (బ్యాంకులోనో పోస్టాఫీసులోనో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) అంత. పాటలు ముందే చల్లబడినా, కమిషన్ 7 శాతం అయినా ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. అదే చిట్టీని పదో నెలలో 30 శాతానికి పాడుకుంటే చేతికి 3,45,500 వస్తాయి. మొత్తం కట్టేది మాత్రం అదే 4,13,750. అంటే ఆ డబ్బు వాడుకున్నందుకు 68,250 ఖర్చు. అప్పు లెక్కన చూస్తే ఏడాదికి దాదాపు 14 శాతం. కిరాణా కొట్టు నడిపేవాళ్లకు, బ్యాంకుకు చూపించడానికి జీతం స్లిప్పు లేనివాళ్లకు ఇది మంచి రేటే. బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకోవడంతో పోలిస్తే ఎంతో మేలు. సిబిల్ స్కోరు బాగున్న ఉద్యోగికి మాత్రం దీనికంటే తక్కువకే పర్సనల్ లోన్ దొరకొచ్చు.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పాట శాతం, వడ్డీ శాతం ఒకటి కావు. 50 నెలల చిట్టీలో 30 శాతం వదులుకోవడం వేరు, 25 నెలల చిట్టీలో 30 శాతం వదులుకోవడం వేరు. రెండో దాంట్లో డబ్బు వాడుకునే కాలం సగమే కాబట్టి పాడుకునేవాళ్లకు వడ్డీ చాలా ఎక్కువ పడుతుంది. ఆగేవాళ్లకు అంతే లాభం. చిన్న చిట్టీల్లో ఆశపడి పాడేవాళ్లు ఇది చూసుకోవాలి.

ఇక ష్యూరిటీ. పాట పాడుకోగానే డబ్బు చేతిలో పెట్టరు. మిగతా వాయిదాలు కడతారన్న హామీ కోసం ష్యూరిటీలు అడుగుతారు. చాలా కంపెనీలు ప్రభుత్వ ఉద్యోగుల సంతకాలు కావాలంటాయి, లేదా ఫలానా కంపెనీల్లో ఇన్నేళ్లు పనిచేస్తున్నవాళ్లయి ఉండాలంటాయి. హైదరాబాద్‌కో బెంగళూరుకో వచ్చి రెండేళ్లయిన కుర్రాడికి అలాంటివాళ్లు ముగ్గురు ఎక్కడ దొరుకుతారు? అత్యవసరం అని పాడుకున్న డబ్బు ష్యూరిటీ కోసం వారాల తరబడి ఆగిపోతుంది. చిట్టీ వేసే రోజే ఆ ష్యూరిటీ నిబంధనల కాగితం అడిగి తీసుకుని, ఎవరెవరు సంతకం పెడతారో ఇంట్లో మాట్లాడుకోండి. పెట్టేవాళ్లు లేకపోతే ఆ చిట్టీ మీకు అత్యవసరానికి పనికిరాదు, ఒట్టి పొదుపుగానే లెక్క వేసుకోవాలి.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. ఆఫీసులో స్నేహితుడు 'ఫార్మాలిటీ రా, ఒక్క సంతకం' అని కాగితం తెస్తాడు. అతను కట్టడం ఆపేస్తే కంపెనీ మీ మీదకు వస్తుంది, మొత్తం బాకీకి మీరూ బాధ్యులే, కోర్టు ఉత్తర్వుతో జీతంలోంచి కోత కూడా పడొచ్చు. నా అభిప్రాయం గట్టిగా చెబుతాను: మీరు స్వయంగా కట్టగలిగి, కట్టడానికి సిద్ధపడే మనిషికి తప్ప ష్యూరిటీ సంతకం పెట్టకండి. మొహమాటం ఒక పూట ఉంటుంది, బాకీ మూడేళ్లు ఉంటుంది.

కట్టలేని నెల ప్రశ్నకు చిట్టీ ఇచ్చే జవాబు కాస్త కఠినంగానే ఉంటుంది. వాయిదా తప్పితే ఆ నెల డివిడెండ్ సాధారణంగా పోతుంది, పైగా జరిమానా వడ్డీ పడుతుంది. ఎత్తనివాళ్లు వరసగా మానేస్తే పేరు తీసేసి ఆ స్థానంలో మరొకరిని పెట్టే హక్కు కంపెనీకి ఉంది. ఎత్తినవాళ్లు మానేస్తే నోటీసు ష్యూరిటీల ఇంటికి వెళ్తుంది.

రిజిస్టర్ కాని చిట్టీ గురించి వేరుగా చెప్పాలి. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా చిట్టీ మొదలుపెట్టకూడదు. నడిపేవాళ్లు చిట్టీ మొత్తానికి తగ్గ డిపాజిట్ చూపించాలి, ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించాలి, ప్రారంభ ధ్రువపత్రం తీసుకోవాలి. ఆఫీసులో పీఎస్‌ఓ నంబర్ (ఆ ముందస్తు అనుమతి సంఖ్య) అడిగితే తడుముకోకుండా చెప్పాలి. పాస్‌బుక్, ఒప్పందం కాపీ చేతికి ఇవ్వాలి. అపార్ట్‌మెంట్‌లో ఆంటీ, సందులో తెలిసినాయన నడిపే చిట్టీకి ఇవేవీ ఉండవు. నోటుపుస్తకంలో రాతే ఆధారం. ఆ మనిషి నిజాయతీపరురాలే కావచ్చు. కానీ ఎత్తినవాళ్లు ఇద్దరు ఎగ్గొడితే ఆమె మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది? రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయిన చిట్టీల వార్త మన రెండు రాష్ట్రాల్లో పేపర్లలో వస్తూనే ఉంటుంది. అమ్మ ఇరవై ఏళ్లుగా అక్కడే వేస్తుందన్నా సరే, మీ పదివేలు అక్కడ పెట్టకండి. మరీ కాదనలేకపోతే పోయినా తట్టుకోగలిగినంత చిన్న చిట్టీతో ఆపండి.

ఆర్డీ

దీని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, దాని బలమూ అదే. పోస్టాఫీసు ఐదేళ్ల ఆర్డీ వడ్డీని 2023 అక్టోబరులో 6.7 శాతం చేశారు. ఆ రేటుకు నెలకు 10,000 కడితే 60 నెలల తర్వాత 7,13,659 చేతికొస్తుంది. కట్టింది ఆరు లక్షలు. ఖాతా తెరిచిన రోజు రేటే చివరిదాకా. పోస్టాఫీసుకు ప్రభుత్వ హామీ ఉంటుంది. బ్యాంకులో అయితే ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది.

ఒక నెల తప్పితే పోస్టాఫీసులో నూటికి రూపాయి చొప్పున, అంటే పదివేల వాయిదాకు వంద రూపాయలు జరిమానా. నాలుగు నెలల దాకా చూస్తారు. 12 వాయిదాలు కట్టాక జమ అయిన దాంట్లో సగం వరకు అప్పు తీసుకోవచ్చు. మూడేళ్ల తర్వాత ముందుగానే మూసేస్తే మాత్రం సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. అందుకే రెండు మూడేళ్లలో డబ్బు కావాలనుకుంటే ఐదేళ్ల పోస్టాఫీసు ఆర్డీ కంటే సరిగ్గా అన్ని నెలలకే బ్యాంకు ఆర్డీ పెట్టుకోవడం మంచిది. బ్యాంకు యాప్‌లోనే తెరవచ్చు, మధ్యలో మూసినా వడ్డీలో కొంత కోతతో బయటపడతారు.

ఆర్డీ వడ్డీ మీ ఆదాయంలో కలుస్తుంది, శ్లాబు ప్రకారం పన్ను. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల లోపు ఆదాయానికి పన్ను పడదు కాబట్టి ఉద్యోగం కొత్తలో చాలామందికి ఇది సమస్యే కాదు.

నగల షాపు స్కీమ్

ఇది అసలు పొదుపు పథకం కాదు, ముందస్తు కొనుగోలు. చాలా స్కీములు 11 నెలలకే ఎందుకు ఆగుతాయంటే, సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సును కంపెనీలు 365 రోజుల్లో సరుకు కింద సర్దేయాలి. లేకపోతే చట్టం దాన్ని డిపాజిట్‌గా చూస్తుంది. డిపాజిట్ బీమా దీనికి లేదు. షాపు మూతపడితే దానికి అప్పిచ్చిన అందరితో పాటు మీరూ వరసలో నిలబడాలి.

అయినా కొందరికి ఇది లాభమే. నెలకు 5,000 చొప్పున 55,000 కట్టారు, షాపు తరుగు (నగ తయారీలో పోయే బంగారం కింద వేసే శాతం) మినహాయించింది. ఆ నగకు తరుగు 14 శాతం అనుకుంటే 7,700 మిగిలినట్టు. అదే డబ్బు ఆర్డీలో వేస్తే ఆ 11 నెలలకు వచ్చే వడ్డీ రెండు వేలు కూడా దాటదు. అయితే అలాంటి నగకే పక్క షాపులో తరుగు 9 శాతం ఉంటే నిజంగా మిగిలింది 4,950 మాత్రమే. కాబట్టి స్కీమ్‌లో చేరే ముందు మీకు నచ్చే రకం నగకు రెండు మూడు షాపుల్లో తరుగు ఎంత వేస్తున్నారో అడగండి. తరుగు మినహాయింపు ఎంత శాతం దాకా, రాళ్ల నగలకూ నాణేలకూ వర్తిస్తుందా, ప్రతి నెలా ఆ రోజు ధరకు గ్రాములు జమ చేస్తారా లేక చివర్లో ఉన్న ధరకే ఇస్తారా అన్నవి కార్డు వెనుక చిన్న అక్షరాల్లో ఉంటాయి. బంగారం పెరుగుతున్న ఏడాదిలో గ్రాములు జమ చేసే స్కీమ్‌కూ, డబ్బు జమ చేసే స్కీమ్‌కూ తేడా తరుగు కంటే పెద్దదే కావచ్చు. ఒక నెల తప్పితే చాలా చోట్ల బోనస్ పోతుంది, నగదు వెనక్కి ఇవ్వరు.

చెల్లి పెళ్లికి ఎలాగూ కొనాల్సిన గొలుసు ఉంటే చేరండి. బంగారం మీద పెట్టుబడి అనుకుంటే వద్దు. దానికి తరుగు లేని గోల్డ్ ఈటీఎఫ్ (బంగారం ధరను అనుసరించే, షేర్లలా కొనే ఫండ్) ఉంది.

సిప్

ఇక్కడ 'ఎప్పుడు కావాలి' అన్న ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. 2008 జనవరిలో 21,000 దగ్గరున్న షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 2009 మార్చికి ఎనిమిది వేల చిల్లరకు పడింది. 2020లో జనవరి నుంచి మార్చి 23 లోపు ఇంకో సూచీ నిఫ్టీ 38 శాతం దాకా కోల్పోయింది. రెండుసార్లూ మళ్లీ లేచింది. ఆగగలిగినవాళ్లకు బాగానే వచ్చింది. కానీ మూడేళ్లు పదివేల చొప్పున 3,60,000 వేసి ఏప్రిల్‌లో పెళ్లి పెట్టుకున్న మనిషికి మార్చిలో అది వేసిన దానికంటే బాగా తక్కువగా కనిపిస్తే ఏం చేస్తాడు? ఫంక్షన్ హాల్ వాళ్లు మార్కెట్ లేచేదాకా ఆగరు. ఏడేళ్ల లోపు తప్పనిసరిగా కావాల్సిన డబ్బు షేర్లలో పెట్టే ఈక్విటీ సిప్‌లో పెట్టొద్దని నేను చెప్పేది అందుకే.

తేదీ లేని డబ్బుకు మాత్రం వీటన్నిటిలో నా ఓటు దీనికే. నిఫ్టీలోని 50 కంపెనీల్లోనూ పెట్టే నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్, ఏజెంటు లేకుండా కొనే డైరెక్ట్ ప్లాన్ చాలు. మధ్యలో కమిషన్ ఉండదు, ఖర్చు పావు శాతం అటూఇటూ. కట్టలేని నెలలో ఫండ్ వైపు నుంచి జరిమానా లేదు. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగిపోతే బ్యాంకు బౌన్స్ ఛార్జీ వేస్తుంది కాబట్టి ముందుగా యాప్‌లో సిప్‌ను ఆపుకోవాలి. వరసగా మూడు నెలలు తప్పితే సిప్ రద్దవుతుంది, వేసిన డబ్బు అలాగే ఉంటుంది. ఏడాది దాటాక అమ్మితే ఏడాదికి 1,25,000 దాటిన లాభం మీదే 12.5 శాతం పన్ను, ఏడాది లోపు అమ్మితే 20 శాతం.

పీపీఎఫ్ అనే ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతాలో వడ్డీ 7.1 శాతం, పన్ను లేదు, ఏడాదికి 500 కట్టినా ఖాతా బతికి ఉంటుంది. 15 ఏళ్లు ఆగాలి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు కట్టిన డబ్బు మీద పన్ను మినహాయింపు అదనం, కొత్త విధానంలో అది లేదు. బాబాయి చెప్పే ఎండోమెంట్ పాలసీలో (బీమా, పొదుపు కలిపినది) రాబడి సాధారణంగా 5, 6 శాతం దగ్గరే ఆగుతుంది. మొదటి ఏళ్లలో మానేస్తే కట్టిన దాంట్లో పెద్ద భాగం పోతుంది. మీ మీద ఆధారపడినవాళ్లుంటే టర్మ్ పాలసీ (పొదుపు లేని, ఒట్టి ప్రాణ బీమా) తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని ప్రీమియం మీద జీఎస్టీ కూడా తీసేశారు.

మరి ఎవరికి ఏది?

ఉద్యోగం కాంట్రాక్టుదో, కంపెనీ స్టార్టప్పో అయితే ఆరు నెలల ఖర్చు చేరేదాకా మొత్తం పదివేలూ బ్యాంకు ఆర్డీలోనే వేయండి, చిట్టీ జోలికి వెళ్లకండి. ఏ నెల జీతం ఆగుతుందో తెలియనివాళ్లకు చిట్టీ వాయిదా పెద్ద టెన్షన్.

రెండు మూడేళ్లలో పెళ్లి, పైచదువు, కారు డౌన్ పేమెంట్ ఇలా తేదీ తెలిసిన ఖర్చు ఉంటే ఆ నెలకు సరిపోయే ఆర్డీ. నగ ఎలాగూ కొనేదుంటే ఆ ఏడాది వరకు అందులోంచి మూడు నాలుగు వేలు నగల స్కీమ్‌కు మళ్లించొచ్చు.

ఉద్యోగం కుదురుగా ఉండి, ఊళ్లో ఇల్లు కడుతున్న నాన్నకో, దుకాణం పెట్టబోయే తమ్ముడికో ఎప్పుడు ఎంత కావాలో తెలియకపోతే రిజిస్టర్డ్ చిట్టీకి అర్థముంది. ష్యూరిటీలు చేతిలో ఉండాలి, వాయిదా పూర్తి పదివేలుగానే లెక్క వేసుకోవాలి. డివిడెండ్ తగ్గిన నెలలు తప్పక వస్తాయి. ఇవేవీ మీద లేనివాళ్లు ఆరువేలు సిప్‌కు, నాలుగువేలు ఆర్డీకి పంచుకుంటే నాకు సరైనదిగా కనిపిస్తుంది.

ఇది చదివేసరికే చిట్టీ మధ్యలో ఉన్నవాళ్లు మాత్రం తొందరపడి మానేయకండి. మానేస్తే కట్టింది వెంటనే రాదు, కోతలు పోను ఆలస్యంగా వస్తుంది. ఇంకా ఎత్తకపోతే మీ టికెట్ (చిట్టీలో మీ స్థానం) వేరొకరి పేరుకు మార్చడానికి బ్రాంచిలో రాతపూర్వకంగా అడగండి. తీసుకునేవాళ్లు దొరికితే వాళ్లు కట్టేదెంతో, మీకు వచ్చేదెంతో కంపెనీ రసీదు మీద రాయించుకోండి. ఎవరూ దొరకకపోతే, వాయిదాలు సగం దాటి ఉంటే, చివరిదాకా కట్టి తీసుకోవడమే లాభం. ఆ మిగిలిన నెలలకు కొత్త సిప్ చిన్నదిగా మొదలుపెట్టి, చిట్టీ ముగిసిన నెల నుంచి పెంచుకోవచ్చు.